బండి మీద పెట్రోల్, ఒంటి మీద పార

పోయిన జనవరిలో ఒక శుక్రవారం రాత్రి. సియాటెల్ పక్కన, మా ఆఫీసు సీనియర్ ఇంటి గ్యారేజీ. ఒళ్లు బరువు చూసుకునే కాటా మీద నా ఎర్ర పెట్రోల్ క్యాన్ పెట్టాను. 16 కిలోలు. బ్యాగు కూడా పెట్టమని ఆయన సైగ చేశారు. ఇంకో 9.

“పాతిక కిలోలు. అంటే రెండో క్లాసు పిల్లాణ్ని బండి వెనక చివర్లో కూర్చోబెట్టుకుని కొండెక్కుతావన్నమాట. వాడు కుదురుగా కూడా కూర్చోడు” అన్నారు.

నేను ముచ్చటపడి కొనుక్కున్న 5 గ్యాలన్ల క్యాన్ ఆ రాత్రి గ్యారేజీలోనే ఉండిపోయింది. దాని బదులు 2 గ్యాలన్లు పట్టే బల్లపరుపు క్యాన్ ఒకటి ఆయనే ఇచ్చారు. అప్పుడు మొహం మాడ్చుకున్నాను. మర్నాడు సాయంత్రానికి మాత్రం ఆ చిన్న క్యాన్‌కి దండం పెట్టాల్సి వచ్చింది. మొదట్నుంచి చెప్తాను.

స్నోమొబైల్‌ని మీరు సినిమాల్లో చూసే ఉంటారు. ముందు రెండు స్కీలు, వెనక చక్రాల బదులు రబ్బరు ట్రాక్, బైక్‌ లాంటి హ్యాండిల్. ఇక్కడివాళ్లు స్లెడ్ అంటారు. అందులో కొండల కోసం చేసేవి వేరే జాతి. ట్రాక్ పొడవు 154, 165 అంగుళాలు. దాని మీద మూడేసి అంగుళాల ఎత్తు రబ్బరు పళ్లు. 850 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, 165 హార్స్‌పవర్ దాకా. మన క్లాసిక్ 350 బుల్లెట్‌కి 20. బరువు మాత్రం రెండూ 200 కిలోల చుట్టుపక్కలే. ఆ బరువు తగ్గించడానికి కంపెనీలు ప్రతి బోల్టు దగ్గరా పిసినారితనం చేస్తాయి. మనం వెళ్లి పాతిక కిలోలు కట్టేసి, బండి ఎక్కట్లేదేంటి అని తిట్టుకుంటాం.

అసలు ఎక్స్‌ట్రా పెట్రోల్ ఎందుకు? సియాటెల్ నుంచి ఐ-90 మీద తూర్పుకి గంటన్నర వెళ్తే క్లీ ఎలమ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కణ్నుంచి రోస్లిన్ దాటి, చెరువు పక్కనుంచి సామన్ లా సాక్ వైపు పోతే చలికాలంలో రోడ్డు ఒకచోట ఆగిపోతుంది. స్నో-పార్క్ పర్మిట్ పెట్టుకుని ట్రక్కు ఆపి, స్లెడ్లు దించుకుంటాం. అక్కడితో బంకులు అయిపోయినట్టే. ముందుకెళ్లే కొద్దీ చెట్లు, కొండలు, ఆల్పైన్ లేక్స్ విల్డర్‌నెస్ సరిహద్దు. ఆ సరిహద్దు దాటి స్లెడ్ తీసుకెళ్లడం చట్ట విరుద్ధం. కాబట్టి అడ్డదారి కూడా ఉండదు. వెళ్లిన దారినే రావాలి.

మాది నరసరావుపేట. పెట్రోల్ అయిపోతుందన్న భయం నాకు చిన్నప్పుడు లేదు. మా నాన్న పాత హీరో హోండాకి ట్యాంకు కింద ఒక నాబ్ ఉండేది. బండి గుక్కపట్టగానే నాన్న కిందకి చూడకుండానే చెయ్యి పెట్టి దాన్ని తిప్పేవాడు. “రిజర్వ్‌లో పడింది” అని అలా చెప్పుకుంటూ ఇంకో నలభై కిలోమీటర్లు నడిపేవాడు. మరీ మొండికేస్తే రోడ్డు పక్కన బడ్డీకొట్టులో వాటర్ బాటిల్‌లో లీటరు దొరికేది. నా తలకాయలో ఆ నాబ్ ఇంకా ఉంది. ఫోన్‌లో చార్జింగ్ 3 శాతానికి వచ్చినా నిదానంగా రీల్స్ చూస్తుంటానంటే అందుకే.

స్లెడ్‌కి ఆ నాబ్ లేదు. పైగా దాని మైలేజీ రోడ్డు బట్టి కాదు, మంచు బట్టి. చదును చేసిన ట్రైల్ మీద నా బండి లీటరుకి 5 కిలోమీటర్ల దాకా ఇస్తుంది. నడుంలోతు తాజా మంచులో పడితే అదే బండి 2కి దిగిపోతుంది. ట్యాంకులో 38 లీటర్లు. ట్రైల్ మీద లెక్కేసుకుంటే 190 కిలోమీటర్లు, మెత్తటి మంచులో 76. ఉదయం బయల్దేరేటప్పుడు ఈ రెండిటి మధ్య ఎక్కడ తేలుతామో ఎవరికీ తెలియదు. రాత్రి ఎంత మంచు కురిసిందో అదే చెప్పాలి. దానికి తోడు కాస్కేడ్ కొండల మంచు సముద్రం గాలికి తడిసి బరువుగా ఉంటుంది. కాస్కేడ్ కాంక్రీట్ అని ముద్దు పేరు. అందులో ఇరుక్కుని ఫుల్ థ్రాటిల్ ఇస్తుంటే కిలోమీటర్లు పెరగవు, పెట్రోల్ ముల్లు మాత్రం పడిపోతుంటుంది.

పెద్దాయన పద్ధతి ఒకటే. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ఎవడో ఒకడు చేసే వెధవ పనికి. ఆ ఎవడో ఒకడు ఎవరన్నది కాసేపట్లో వస్తుంది.

ఇక క్యాన్ ఎక్కడ పెట్టాలి? సీటు వెనక ట్రాక్‌ని కప్పుతూ పొడుగ్గా ఒక అల్యూమినియం గూడు ఉంటుంది. టన్నెల్ అంటారు. సామానంతా దాని మీదే. చూడ్డానికి ఖాళీ అరుగులా ఉంటుంది కదా అని నేను బంగీ తాళ్లతో కట్టేద్దామనుకున్నాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని టన్నెల్ కింద తడమమన్నారు. అక్కడ కూలర్లు ఉన్నాయి. ఇంజిన్ వేడి నీళ్లు వాటిలోంచి వెళ్తుంటే, ట్రాక్ ఎగజిమ్మే మంచు వాటిని చల్లబరుస్తుంది. అంటే నేను పెట్రోల్ పెట్టబోయిన అరుగు కింద వేడి నీళ్లు తిరుగుతుంటాయి. దానికి తోడు రోజంతా అదురు. బంగీ తాడు సాగుతుంది, క్యాన్ అంగుళం అంగుళం జరుగుతుంది, అంచుకి రాసుకుని రాసుకుని సాయంత్రానికి ప్లాస్టిక్‌కి బొక్క. అందుకే స్కీ-డూ వాళ్ల లింక్ లాంటి క్లిప్పులు, రోటోప్యాక్స్ లాంటి బల్లపరుపు క్యాన్లు వచ్చాయి. కదలకుండా బిగించేస్తే చాలు, ఏ కంపెనీదన్నది తర్వాత సంగతి.

వేడి ఒక గొడవైతే, బరువు ఎక్కడ పడుతుందన్నది అంతకన్నా పెద్ద గొడవ. బండి వెనక చివర్లో బరువు పెడితే ముందు స్కీలు తేలిపోతాయి. హ్యాండిల్ తిప్పితే బండి తిరగదు. కొండ ఎక్కేటప్పుడు వెనక భాగం కూరుకుపోయి ట్రాక్ తన కిందే కాలవ తవ్వుకుంటుంది. ఒక్కసారి కాలవ తవ్విందంటే దిగి, పార తీసి, మనం తవ్వాలి. అందుకే క్యాన్ వీలైనంత సీటుకి దగ్గరగా, వీలైనంత కిందగా.

ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో నాకు బాగా నచ్చింది ఇంకోటి. ట్యాంకులో క్యాన్‌కి సరిపడా చోటు ఖాళీ అవగానే ఆగి, క్యాన్‌లోది ట్యాంకులో పోసెయ్యాలి. సాయంత్రం అవసరం పడినప్పుడు చూద్దాంలే అని దాచుకోకూడదు. ట్యాంకు బండి మధ్యలో మన మోకాళ్ల ముందు ఉంటుంది. అక్కడ 5 కిలోలు పెరిగినా తెలియదు. నాలాంటి వాళ్లకి అది మనసొప్పదు. అత్తగారిచ్చిన నోటు విడదీసినట్టుంటుంది. ఆ రోజు కూడా నేను పొయ్యలేదు. “మధ్యాహ్నం చూద్దాం” అన్నాను. ఆయన భుజాలెగరేసి ఊరుకున్నారు.

చిన్న విషయం: నింపేటప్పుడు క్యాన్‌ని ట్రక్కులో గానీ బండి మీద గానీ ఉంచకండి, నేల మీద పెట్టండి. స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ చాలు. అంచుదాకా నింపకండి, పైకెళ్లే కొద్దీ క్యాన్ పొట్ట ఉబ్బుతుంది, మూత మెల్లగా తియ్యాలి. ఆయిల్ వేరే ట్యాంకులో పోస్తాం, బండే కలుపుకుంటుంది. కాబట్టి క్యాన్‌లో ఉట్టి పెట్రోలే. ఎవరి బండిలోనైనా పొయ్యొచ్చు. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి.

మా ముగ్గురిలో మూడోవాడు నా రూమ్మేట్, ఖమ్మం కుర్రాడు. వాడి బండి అద్దెది. రాత్రి వాడికి నేను గురువుగారిలా అన్నీ చెప్పాను. “మామా, వీపు మీద బ్యాగెందుకురా బరువు, అన్నీ టన్నెల్ బ్యాగులో పడెయ్. నేనూ అదే చేస్తున్నా” అన్నాను. డ్రై గ్లవ్స్, హెడ్‌ల్యాంప్, నీళ్లు, లైటర్, పార, ప్రోబ్, పల్లీ పట్టీలు అన్నీ బండి మీదే. స్పేర్ బెల్టు కూడా. మీ యాక్టివాలో ఉండే బెల్టు లాంటిదే, తెగితే స్లెడ్ అక్కడే కూర్చుంటుంది.

పొద్దున ట్రక్కు దగ్గర బీకన్లు ఆన్ చేసి చెక్ చేసుకున్నాం. బీకన్ అంటే ఛాతీకి కట్టుకునే చిన్న పెట్టె. 457 కిలోహెర్ట్జ్ మీద ఎప్పుడూ సిగ్నల్ పంపుతుంటుంది. ఎవరైనా మంచు కింద పడితే మిగతావాళ్లు తమ బీకన్‌ని సెర్చ్‌లో పెట్టి వెతుకుతారు. ఫోన్ వీరులకి ఒక మాట. మామూలుగా ఉన్నప్పుడు ఫోన్ బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడు 50. లేకపోతే సిగ్నల్ పాడవుతుంది. ఛాతీ జేబులో ఫోన్ పెట్టుకుని వీడియో తీసుకునే అలవాటు ఆ రోజే మానేశాను. నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ సైట్‌లో ఆ రోజు ప్రమాదం అయిదులో రెండో మెట్టు. మరీ భయపడక్కర్లేదు, అలాగని మర్చిపోవడానికీ లేదు.

పదకొండున్నరకి ఒక మైదానంలో ఆగాం. బండ్లు కింద ఆపి, కొంచెం పైకి నడిచి శాండ్‌విచ్‌లు తింటున్నాం. ఉన్నట్టుండి పెద్దాయన లేచి, దాచిపెట్టిన స్పేర్ బీకన్ అటువైపు మంచులో పడిందనుకోమని వేలు చూపించి, టైమర్ నొక్కారు. “మీ ఫ్రెండ్ కింద ఉన్నాడు. తియ్యండి.”

వెతకడం నాకు బాగానే వచ్చింది. రెండు నిమిషాల్లో దగ్గరికి వెళ్లిపోయాను. మోకాళ్ల మీద కూర్చుని “దొరికింది!” అని అరిచాను.

“తవ్వు” అన్నారు.

పార కింద బండి మీద ఉంది. నూటాభై మీటర్లు. తొడల్లోతు మంచులో కిందికి పరిగెత్తి, టన్నెల్ బ్యాగు మీద గడ్డకట్టిన జిప్పు పళ్లతో లాగి తీసి, మళ్లీ పైకి ఎక్కేసరికి టైమర్ పదమూడు నిమిషాలు చూపిస్తోంది. ఇంకా ఒక్క పార మంచు కూడా తియ్యలేదు.

ఆయన టైమర్ ఆపారు. తిట్టలేదు. స్విట్జర్లాండ్ ప్రమాదాల మీద 1994లో వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పారంతే. మంచు కింద పూడిపోయినవాళ్లని 15 నిమిషాల్లోపు తీస్తే వందలో 92 మంది బతికారు. 35 నిమిషాలకి అది 30. “బండి నీతో పాటే ఉంటుందని అనుకుంటున్నావు. అవలాంచ్ వచ్చినప్పుడు బండి ఒకవైపు, నువ్వొకవైపు. ఒక్కోసారి బండి కూడా కిందే ఉంటుంది” అన్నారు. బీకన్, ప్రోబ్, పార ఈ మూడూ ఒంటి మీదే ఉండాలి. పార నా కోసం కాదు కదా, పక్కవాడి కోసం. నేను బరువని దించుకున్నది వాడి ప్రాణం. ఆ లెక్కన రాత్రి నేనిచ్చిన సలహాకి నాకు కడుపులో దేవినట్టయింది.

అక్కడే పార, ప్రోబ్ వీపుకి ఎక్కించుకున్నాను. ఖమ్మం కుర్రాడూ అవి రెండూ ఎక్కించుకున్నాడు. మిగతావి మాత్రం “సాయంత్రం చూద్దాం మామా” అని టన్నెల్ మీదే వదిలేశాడు. నా పెట్రోల్ క్యాన్ లాగే.

మూడుంపావుకి అది జరిగింది. చెట్ల మధ్య ఏటవాలుగా వస్తున్నాం. మావాడు బండిని పైకి ఒంచాల్సిన చోట కిందికి ఒదిలేశాడు. బండి వాడితో సహా జారుతూ పోయి వాగులో దిగింది. పైనుంచి చూస్తే మొదట నాకు ఇంజిన్ చప్పుడు ఆగిపోవడం ఒక్కటే తెలిసింది. ఆ తర్వాత ఎంతసేపో గానీ, చాలాసేపనిపించింది. తర్వాత కిందనుంచి ఖమ్మం యాసలో ఒక బూతు వినిపించింది. జీవితంలో ఏ బూతూ నాకు అంత ప్రాణం పోసినట్టు అనిపించలేదు.

వాడికేం కాలేదు. బండే వాగు రాళ్ల మధ్య ముక్కు గుచ్చుకుని ఉంది. జనవరిలో ఇక్కడ అయిదయ్యేసరికి చీకటి పడిపోతుంది. ముగ్గురం తవ్వి లాగినా రెండు గంటలు పట్టేలా ఉంది. పెద్దాయన ఒక్క నిమిషం చూసి, “వదిలెయ్యి. పైకి రా. రేపు వద్దాం” అని అరిచారు.

వాడు పైకి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. నడుంలోతు మంచు, నిలువు గట్టు. వచ్చేసరికి గ్లవ్స్ తడిసి గట్టిపడ్డాయి, వేళ్లు తెల్లబడ్డాయి. నీళ్లేవిరా అంటే కింద. డ్రై గ్లవ్స్ కింద. హెడ్‌ల్యాంప్ కింద. ఫోన్ తీశాడు, చలికి ఆరిపోయి ఉంది. వాడికి కావాల్సిన ప్రతి వస్తువూ వాడు రాత్రి నా మాట విని పెట్టిన చోటే, జాగ్రత్తగా, జిప్పు వేసి ఉంది. పెద్దాయన తన వీపు బ్యాగులోంచి రెండో జత గ్లవ్స్ తీసి వాడికి తొడిగారు. చిన్నపిల్లాడికి తొడిగినట్టు ఒక్కో వేలూ.

తర్వాతి లెక్క పెట్రోల్ది. కొండ స్లెడ్లు ఒక్కరి కోసం చేసినవి. ఇద్దరు ఎక్కితే ఒకరు సీటు మీద, ఒకరు దాదాపు ఒళ్లో. వాణ్ని ఆయన ఎక్కించుకున్నారు. దారి చూపిస్తూ మంచు చీల్చుకుని ముందు వెళ్లిన బండి కూడా రోజంతా ఆయనదే కాబట్టి అందరికంటే ఎక్కువ తాగింది. ముల్లు అడుగుకి దగ్గరలో ఉంది. ట్రక్కు దాకా ముప్పై కిలోమీటర్లు, అందులో మొదటి అయిదు మెత్తటి మంచే. ఇద్దరి బరువుతో.

నేను వెనక్కి తిరిగి క్యాన్ తీశాను. మధ్యాహ్నం పోసెయ్యమన్నప్పుడు పొయ్యని ఏడున్నర లీటర్లు. ఆయన మూత తీస్తూ నావైపు చూసి, “ఈసారికి నీ మొండితనమే పనికొచ్చింది, అలవాటు చేసుకోకు” అన్నారు. నా ట్యాంకులోకి పోసి ఉన్నా సైఫన్ గొట్టంతో తీసేవాళ్లమే. కానీ ఆ చలిలో, ఆ వేళ్లతో, గొట్టం పట్టుకునే పని తప్పినందుకు ముగ్గురం సంతోషించాం.

ట్రైల్ మీద పడేసరికి పూర్తిగా చీకటి. ముందు ఆయన లైటు, వెనక నేను. మధ్యమధ్య మావాడు చెయ్యెత్తి బొటనవేలు చూపిస్తున్నాడు. నేను ముల్లు చూడ్డం మానేసి ఆ బొటనవేలే చూస్తూ నడిపాను. ట్రక్కు దగ్గర ఇంజిన్లు ఆపాక ఎవరూ మాట్లాడలేదు. హీటర్ ముందు వాడి వేళ్లకి రంగు వచ్చేదాకా కూర్చున్నాం. వేళ్లు మండుతున్నాయని వాడు ఏడుస్తుంటే, మండితే మంచిదే, రక్తం ఆడుతోంది అన్నారు పెద్దాయన.

ఆదివారం అయిదుగురం వెళ్లాం, తాళ్లు, పుల్లీ, పారలు పట్టుకుని. మూడు గంటల్లో బండి బయటికొచ్చింది. టన్నెల్ బ్యాగు తెరిస్తే గ్లవ్స్ పొడిగా, హెడ్‌ల్యాంప్ ఫుల్ చార్జింగ్‌తో, పల్లీ పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నీళ్లు మాత్రం రాయిలా గడ్డకట్టాయి. పట్టీలు అక్కడే నిలబడి తినేశాం.

ఇప్పుడు మా సర్దుడు మారింది. స్పేర్ బెల్టు, ప్లగ్గులు, స్పానర్లు, తాడు, 2 గ్యాలన్ల క్యాన్ బండి మీద. బండి పోతే వాటితో పనేముంది కనుక. పార, ప్రోబ్, రెండో జత గ్లవ్స్, హెడ్‌ల్యాంప్, లైటర్, రేకు దుప్పటి, కాస్త తిండి, శాటిలైట్ మెసెంజర్ ఒంటి మీద. నీళ్లు జాకెట్ లోపల. వీపు బ్యాగు బరువు 7 కిలోలు వస్తోంది. మొదటి రోజు భుజాలు లాగేస్తాయి. క్యాన్ మొదటి ఆగుడులోనే ట్యాంకులోకి వంచేస్తున్నాను, మొండితనం చెయ్యకుండా. సైఫన్ గొట్టం కూడా ఒకటి కొన్నాను.

అమ్మ వీడియో కాల్‌లో కాటా మీద సామాను చూసి, “ఏరా, మళ్లీ ఇంటికొస్తున్నావా? లగేజీ తూస్తున్నావు” అని ఆశగా అడిగింది. కాదమ్మా అంటే ఫోన్ నాన్నకి ఇచ్చేసింది. నాన్న అన్నీ విని, ఆ బండికి రిజర్వ్ నాబ్ లేదా అని ఒక్కటే అడిగాడు.

మావాడి సంగతి చెప్పలేదు కదా. పోయిన శనివారం పొద్దున క్లీ ఎలమ్‌లో టిఫిన్‌కి ఆగాం. వాడు వీపు బ్యాగు తియ్యకుండానే కుర్చీ అంచు మీద కూర్చుని ప్యాన్‌కేకులు తింటున్నాడు. కాఫీ పోస్తున్న ఆవిడ, అది పక్కన పెట్టుకోవచ్చు బాబూ, ఎవరూ తీసుకెళ్లరు అంది. వాడు తల అడ్డంగా ఊపి, ఇంకో ప్యాన్‌కేకు చెప్పాడు.